సున్నా చార్జి ధ్రువీకరణ కేంద్రం

"ఇయ్యాల్టి నుంచి ఈ ప్రాంతంల ఏ ఆడపిల్ల కాలు నొయ్యది" అని బాలికా ప్రగతి సైకిళ్ల పథకం చైర్మన్ జగదీశ్వర్ గారు గోదావరిఖని మైదానంలో ప్రకటించినప్పుడు, రెండో వరుసలో నిలబడిన సంతోషి అందరితోపాటు చప్పట్లు కొట్టింది. "పొగ లేని బండి ఇది" అని ఆయన అన్నారు. వెనక దూరంగా థర్మల్ పొగగొట్టాలు ఆ మాటను మర్యాదగా విన్నాయి.

నలభై మంది ఆడపిల్లలకు నలభై కరెంటు సైకిళ్లు వచ్చాయి. పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తామన్నారు కాబట్టి సంతోషి తన తుప్పు సైకిల్‌ను అప్పగించింది.

చైర్మన్ గారికి దూరదృష్టి ఎక్కువ. బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జి పెడితే పదేళ్లు బతుకుతుందని ఎవరో ఆయనకు వాట్సాప్‌లో పంపారు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది. చార్జర్లు ఇళ్లలో ఉండకూడదు. బ్యాటరీ సున్నా అయిందని కేంద్రంలో ధ్రువీకరించాకే చార్జింగ్. పెడళ్లు తొక్కితే బ్యాటరీని వాడినట్టు కాదు కనుక, పెడళ్లు ఊడదీసి ఆఫీసు బీరువాలో భద్రపరిచారు.

ధ్రువీకరించడానికి నిపుణుడు కావాలి. రాయమల్లు తాత గని ల్యాంప్ రూంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. భూమి కిందికి దిగే కార్మికుల టోపీ లైట్లకు చార్జి పెట్టడం ఆయన పని. లైటు వేసి అరచేతి మీదికి పట్టేవాడు. గీతలు కనిపిస్తే చార్జి ఉన్నట్టు, కనిపించకపోతే అయిపోయినట్టు. ఆ చీకటి గదిలో ఆయన పరీక్ష ఒక్కనాడూ తప్పలేదు. చైర్మన్ గారు ఆయనను శాలువాతో సన్మానించి, చౌరస్తా పక్కన ఆరుబయట బల్ల వేసి కూర్చోబెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం సంతోషి ఆ బల్ల ముందుకు వచ్చింది. సోమవారం తొమ్మిదిన్నరకు పదో తరగతి పరీక్ష. సెంటరు జ్యోతినగర్ అవతల, వాళ్ల ఊరికి పదహారు కిలోమీటర్లు. గని కోసం ఊరి రోడ్డును మళ్లించారు గానీ, బస్సు మాత్రం మళ్లలేదు. నాయిన ఫస్ట్ షిఫ్టుకు తెల్లారకముందే పోతాడు. సైకిల్ తెర మీద చార్జి చూపే గీత ఒక్కటే మిగిలింది.

తాత హెడ్‌లైటు వేసి, మండుటెండలో అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"గీతలు కనవడ్తున్నయి బిడ్డ. ఇంకా చార్జి ఉన్నది. పో."

"ఎండకు కనవడ్తున్నయి తాత" అంది సంతోషి, తనకే సరిగా వినపడనంత మెల్లగా.

వెనక వరుసలో తన సైకిల్‌తో నిలబడ్డ రెజీనాకు నోరు బాగానే ఉంది. "తాతా, లైటు బంద్ చేసి చూడు."

తాత బంద్ చేసి చూశాడు. "బంద్ చేసినా కనవడ్తున్నయంటే మస్తు చార్జి ఉన్నట్టు."

ఆ వారం కేంద్రానికి వచ్చిన ముప్పై ఏడు సైకిళ్లలో ఒక్కటీ సున్నా కాలేదు. 'వారమైనా తరగని చార్జి' అని పేపర్లో చైర్మన్ గారి ఫొటోతో వార్త వచ్చింది.

ఆదివారం సంతోషి, గనిలోంచి తీసి పోసిన మట్టిగుట్ట చుట్టూ సైకిల్ నడిపింది. పన్నెండో చుట్టులో తెర నల్లగా అయింది. లైటు వెలగలేదు. కేంద్రం దాకా నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చింది.

"లైటు వెలుగుత లేదు తాత. అయిపోయింది."

"లైటు వెలుగకుంటే పరీక్ష చేసుడెట్ల బిడ్డ?"

"అయిపోయింది కాబట్టే గద వెలుగుత లేదు."

"అయిపోయిందని నువ్వంటున్నవ్. కాయితం అనాలె గద." తాత ఫారం మీద 'లైటు లేనందున పరీక్ష జరగలేదు' అని రాశాడు. రాసి ఆమె ముఖం చూశాడు. "రేప్పొద్దుగాల చైర్మన్ సారు వస్తుండు. బండి ఈడ పెట్టిపో. సారునే అడుగు."

పెద్దమనిషితో ఏం మాట్లాడాలో సంతోషి ఇంటిదాకా మనసులో చెప్పుకుంటూ నడిచింది.

సోమవారం ఏడున్నరకు కేంద్రం ముందు షామియానా వేసి ఉంది, దాని పక్కన చైర్మన్ గారి కోసం తెచ్చిన కొత్త పథకం సైకిల్ ఉంది. బ్యాటరీ పూర్తిగా అయిపోవడం అంటే ఏమిటో ప్రజలకు తెలియడం లేదని బాధపడి, చైర్మన్ గారు స్వయంగా సైకిల్ నడిపి సున్నా చేసి చూపించబోతున్నారు. జనాన్ని తేవడానికి ఊళ్లోని ఆటోలన్నీ పోయాయి.

"సార్, నా బ్యాటరీ..." అంది సంతోషి.

"నీ సమస్య నాకెరికే" అని ఆయన ఆమె తల నిమిరారు. "పరీక్ష మంచిగ రాయి." వేదికెక్కారు.

రాయమల్లు తాత దగ్గరికొచ్చాడు. "బిడ్డ, నీదానికి చార్జి పెడ్తే నా కొలువు పోతది. కని ఈ సైకిళ్లన్నిటికి బ్యాటరీ తాళంచెయ్యి ఒక్కటే తీరు, బ్యాటరీలు ఒక్కటే తీరు. సారు బండికి ఫుల్లు చార్జి ఉన్నది. బ్యాటరీలు మార్చద్దని సర్క్యులర్ల ఏడ రాయలే." తాళంచెవి బల్ల మీద పెట్టి, ఉపన్యాసం వినడానికి అటు తిరిగాడు.

ఉపన్యాసం పొడుగ్గానే సాగింది. సంతోషికి అందులో సగం సరిపోయింది.

ఎనిమిదింపావుకు చైర్మన్ గారు దండలతో సైకిల్ ఎక్కారు. ఆయన హ్యాండిల్ తిప్పకముందే నర్సింగం, ఇంకో అయిదుగురు కార్యకర్తలు భక్తితో వెనకనుంచి తోయడం మొదలుపెట్టారు. సైకిల్ కదిలింది. జనం ఈలలు వేశారు.

జనం పలచబడ్డాక సంతోషి బయలుదేరింది. మూడు కిలోమీటర్ల దగ్గర ఊరేగింపును అందుకుంది.

"నర్సింగం, ఎంతదూరం అచ్చినం?" అని చైర్మన్ గారు సీటు మీదనుంచి అడిగారు.

"మూడు... మూడు కిలోమీటర్లన్నా" అన్నాడు నర్సింగం. చొక్కా పిండితే బిందెడు నీళ్లొచ్చేలా ఉన్నాడు.

"స్క్రీన్ చూడుండ్రి. ఎక్కినప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది. ఇసుమంత తగ్గలే."

విలేకరులు నల్లటి తెరను ఫొటో తీసుకున్నారు. సంతోషి గంట కొట్టి, తల వంచుకుని పక్కనుంచి దాటిపోయింది.

"అగో, మన పథకం పిల్ల" అని చైర్మన్ గారు చెయ్యి ఊపారు. ఊపిన చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏందిరా, ఆ పిల్ల ఒక్కతే పోతున్నది? ఎనుక తోసేటోళ్లు ఒక్కలు గూడ లేరు. బండి ఎట్ల నడుస్తది పాపం? నర్సింగం, మనోళ్లను ఇద్దర్ని పంపు."

వెనక పరుగు చప్పుడు వినపడింది. సంతోషి హ్యాండిల్ ఇంకొంచెం తిప్పింది.