రిషితకు విశేష ప్రతిభ లేదు

ఆ మంగళవారం ఉదయం అమెరికాలోని నోవై పట్టణమంతా మోకాలి లోతు మంచు పడి ఉంది. సంధ్యావందనం ముగించుకొని, ఒక అధ్యాయం పారాయణ చేసి, పది గంటలకు మిత్రులు భాస్కరరావు గారి కారులో మాలుకు పోయి, అక్కడి దుకాణాల నడుమ వెచ్చగా నాలుగు చుట్లు నడిచి రావలెనని ఆంజనేయప్రసాద్ గారు సంకల్పించుకున్నారు. గుంటూరులో ముప్పయి నాలుగేళ్లు తెలుగు, సంస్కృతాలు బోధించి విశ్రాంతి పొందిన ఆయన, అక్టోబరులో కొడుకు జగన్మోహన్ ఇంటికి వచ్చారు. కార్ల బ్రేకుల ఇంజనీరైన ఆ కొడుకు ఆ వారం ఒహాయోలో ఏదో ఫ్యాక్టరీలో ఉన్నాడు. కనుక సంకల్పాన్ని భంగపరచే భారం కోడలు రాధారాణి మీద పడింది. ఆమె ఒక చేత్తో కోటు తొడుక్కుంటూ, రెండవ చేత్తో ఒక కాగితం ఆయన ముందు పెట్టింది.

"మామయ్యగారూ, ఒక చిన్న హెల్ప్. రిషిత మ్యాథ్, సైన్స్ ప్రోగ్రామ్ అప్లికేషన్‌కి ఇవాళే లాస్ట్ డేట్. టీచర్ల లెటర్లు, మార్కులు అన్నీ వెళ్లిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. ఇంట్లో పిల్లతో ఎక్కువ టైమ్ ఉండేవాళ్లు రాయాలట."

"నాకెందుకమ్మా ఇవన్నీ? నువ్వు రాయరాదూ?"

"నేను పిల్లతో ఎక్కడుంటున్నానండీ! పైగా మీ ఇంగ్లీష్ మా అందరికంటే బాగుంటుంది. రాసేసి, కవర్ సీల్ చేసి, పైన సైన్ చేయండి. నేను లంచ్‌లో వచ్చి డ్రాప్ చేస్తాను. ప్లీజ్, ఎనిమిదిన్నరకి మీటింగ్!"

జిల్లాలోని బడులన్నిటి నుండి ఎనిమిదో తరగతి పిల్లలను ఏరి, హైస్కూలు నాలుగేళ్లూ సగం పూట ఉన్నత గణితము, విజ్ఞానము నేర్పే కేంద్రం అది. సీట్లు అరవై, దరఖాస్తులు నాలుగు వందల పైచిలుకు. ఆయన మనుమరాలు రిషిత రెండేళ్లుగా ఆ సీటు తప్ప మరొకటి కోరలేదు. పుట్టినరోజుకు ఏమి కావాలంటే ఆ కేంద్రం పాత ప్రశ్నపత్రాలు కావాలన్న పిల్ల. ఈ సంగతి ఆంజనేయప్రసాద్ గారికి తెలుసు. తెలిసే ఆయన కళ్లజోడు తుడుచుకొని, కలం విప్పి, ఎంతో శ్రద్ధతో ఆ కాగితం చదివారు. చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మీ విద్యార్థినిలోని అసాధారణ ప్రతిభలను వర్ణింపుడట! వయసుకు మించి ఆమె చేసిన ఘనకార్యమొకటి తెలుపుడట! ఆమె ఈ ప్రపంచాన్ని ఎట్లు మార్చగలదో వివరింపుడట! ఇంటిపెద్దనే కూర్చోబెట్టి, ఇంటిబిడ్డను నోరారా పొగడమని, పొగిడి సంతకం పెట్టమని అడిగే నిర్లజ్జమైన కాగితాన్ని ఆయన తన జన్మలో చూసి ఎరుగరు.

పెంచిన నోటితో బిడ్డను పొగిడితే ఆయుక్షీణమని ఆ వంశంలో తరతరాల నియమం. జగన్మోహన్ పదో తరగతిలో జిల్లాకు మొదటివాడుగా వచ్చిన నాడు తండ్రి పలికిన పలుకు, "సరేలే, కాళ్లు కడుక్కుని అన్నానికి రా" అన్నదే. పరులు అడిగితే బిడ్డను తగ్గించి చెప్పాలి. విన్నవారు "అబ్బే, మీరట్లాగే అంటారు" అని తమంత తాము పెంచుకోవాలి. చెప్పేవారికీ వినేవారికీ నడుమ ఇది అనాదిగా సాగుతున్న ఒడంబడిక. ఆ ఒడంబడికను నమ్ముకొని ఆయన దస్తూరీ తీర్చి, నిర్దుష్టమైన ఆంగ్లంలో సమాధానాలు వ్రాశారు.

ప్రతిభల గడిలో, "చెప్పదగిన ప్రతిభ లేదు. సామాన్యురాలు" అని వ్రాశారు. ఘనకార్యం గడిలో, "వయసుకు మించిన పని చేయలేదు. మేము చేయనివ్వము" అన్నారు. ప్రపంచాన్ని మార్చుట గురించి, "ప్రపంచానికి ఈమె వలన ఏ అపాయమూ లేదు" అని అభయమిచ్చారు. చివరిది సైన్సు ప్రాజెక్టును గూర్చిన ప్రశ్న. ఇంటిముందు కారు బాటపై గడ్డకట్టిన మంచును ఏ ఉప్పు ఎంత చలిలో కరిగిస్తుందో, ఉప్పులో బీట్‌రూట్ రసం కలిపితే ఏమవుతుందో రిషిత ఆ చలికాలమంతా పరీక్షించింది. ఆ గడిలో ఆయన, "ఇందులో ఆమె చేసినది ఏమీ లేదు. చేయించినవాడు వేరొకడున్నాడు. ఆమె నిమిత్తమాత్రురాలు" అని వ్రాశారు. భగవంతుడి పేరు వేరుగా వ్రాయనక్కరలేదనుకున్నారు. చదువుకున్నవారికి ఆ మాత్రం తెలియదా?

తెలియలేదు. పది రోజుల తరువాత రాధారాణి ఆఫీసుకు ఫోను వచ్చింది. చేసినది ఆ కేంద్రం అధికారిణి మిసెస్ కోవాల్‌స్కీ.

"మీ అమ్మాయి ప్రాజెక్టు వెనుక వేరొక వ్యక్తి ఉన్నట్టు మీ ఇంటి నుండి వచ్చిన పత్రంలో ఉన్నది. ఆ వ్యక్తి ఎవరో చెప్పగలరా?" అని ఆమె మర్యాదగా అడిగింది.

మామగారు ఏమి వ్రాశారో కోడలు చూడలేదు. రెండు బస్తాల ఉప్పు ఉచితంగా తెచ్చి ఇచ్చిన భాస్కరరావు గారికి ఆయన కృతజ్ఞత చెప్పి ఉంటారని ఆమెకు తోచింది. "ఓ, ఆయనా! భాస్కరరావు గారని మా ఫ్యామిలీ ఫ్రెండ్. రిటైర్డ్ కెమిస్ట్. హి ఈజ్ సో నైస్!" అని సంతోషంగా చెప్పి, నంబరు కూడా ఇచ్చింది.

భాస్కరరావు గారికి ఫోను వచ్చే వేళకు ఆయన మాలులో మూడవ చుట్టులో ఉన్నారు. పక్కనే ఆంజనేయప్రసాద్ గారు మంకీక్యాపుతో నడుస్తున్నారు. రిషిత ప్రాజెక్టులో మీ పాత్ర ఏమిటని అధికారిణి అడిగింది. భాస్కరరావు గారు ముప్పయి ఏళ్లుగా అమెరికాలో ఉన్న మాట నిజమే గాని, ఎవరైనా మెచ్చుకోబోతున్నారని తోస్తే తల వంచడం మరిచిపోలేదు.

"అయ్యో, నాదేముందండీ, ఏదో నాకు చేతనైనంత చేశాను," అన్నారు ఆయన ఇంగ్లీషులో. "దయచేసి నా పేరు మాత్రం ఎక్కడా రాయకండి. పిల్ల పేరే ఉండనివ్వండి."

ఫోను జేబులో పెట్టుకొని, "మీ స్కూల్ మేడమ్, మాస్టారూ! థ్యాంక్స్ చెప్పడానికి చేసినట్టుంది. నా పేరు వద్దన్నాను," అన్నారు.

"సంస్కారం అంటే అది," అని ఆంజనేయప్రసాద్ గారు హృదయపూర్వకంగా మెచ్చుకున్నారు. భాస్కరరావు గారు తమ బిడ్డ కారు గనుక మెచ్చుకోవడానికి శాస్త్రం అడ్డురాలేదు.

మరునాడు ఉత్తరం వచ్చింది. దరఖాస్తులోని ప్రాజెక్టు ఒక వృత్తి రసాయనజ్ఞుడు చేసిపెట్టినదని అనుమానం కలిగినందున, గురువారం మూడున్నరకు విద్యార్థినితో కూడా వచ్చి సంజాయిషీ ఇవ్వవలెనని, లేనిచో దరఖాస్తు కొట్టివేయబడునని దాని సారాంశం. రిషిత దానిని రెండుసార్లు చదివి మెట్ల మీద కూలబడింది.

"అమ్మా, దే థింక్ ఐ చీటెడ్! నేను చీట్ చేయలేదు. తాతయ్యా, నువ్వు చూసావ్ కదా, ఎవ్రీ మార్నింగ్? నువ్వు ఏం రాసావ్?"

"రాయవలసిందే రాశానమ్మా," అన్నారు ఆయన. అయితే ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు.

గురువారం నాడు మిసెస్ కోవాల్‌స్కీ తన గదిలో ఆ పత్రాన్ని ఒక్కొక్క గడి చొప్పున పైకి చదివింది. సంభాషణ అంతా ఇంగ్లీషులోనే. ప్రపంచానికి అపాయం లేదన్న చోట రాధారాణి కళ్లు మూసుకుంది. నిమిత్తమాత్రురాలన్న చోటికి వచ్చేసరికి, "మామయ్యగారూ!" అని తెలుగులో గొణిగింది. "ఇదా మీరు రాసింది?"

"ఈ సంతకం మీదేనా?" అని అధికారిణి అడిగింది.

"నాదే."

"ఇందులో వ్రాసినది నిజమేనా?"

ఆంజనేయప్రసాద్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అమ్మా, ఇంటివాళ్లు తమ పిల్లను గురించి చెప్పింది ఎవరైనా నిజమని నమ్ముతారా?"

"నిజం కాదంటే, మీరు అబద్ధానికి సంతకం చేశారా?"

"అబద్ధం నా ఇంటావంటా లేదు! అది మర్యాద! మా అమ్మాయి సామాన్యురాలు అని నేనంటే, కాదు కాదని మీరనాలి. ఆ మాత్రం బదులు చెప్పకుండా, నా మాట పట్టుకుని నా పిల్లనే దొంగ అంటారా? ఏం బడి ఇది!"

మిసెస్ కోవాల్‌స్కీకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె రిషిత వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఈ ప్రాజెక్టులో నీవంతు ఎంత?"

నాలుగు నెలలుగా ప్రతి సాయంత్రం తాతగారి పక్కన కూర్చొని వినయం నేర్చుకున్న పిల్ల ఒకసారి ఆయన ముఖం చూసి, తల వంచి, "జస్ట్... ఎ లిటిల్," అన్నది.

అధికారిణి నిట్టూర్చింది. దస్త్రం మూసి, పక్కనున్న మరొక బొత్తి మీద పెట్టింది. ఆ బొత్తి ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. రిషిత ఏడ్వలేదు గాని, మెడలోని కండువా కొస వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆంజనేయప్రసాద్ గారు లేచి నిలబడ్డారు. పిల్లను బయటికి పంపమని కోరారు. విద్యార్థిని ఎదుట లేకుండా ఏమీ వినరాదని తమ నిబంధన అన్నది అధికారిణి. ఒక వంక వంశపు నియమం, మరొక వంక ఆ బొత్తి.

"చెవులు మూసుకోవే," అన్నారు మనుమరాలితో.

రిషిత రెండు అరచేతులూ చెవులకు ఆన్చింది. ఎంత గట్టిగా ఆన్చినదో చెప్పలేము.

"వినండి అమ్మా! ముప్పయి ఒక్క ఉదయాలు, బడి బస్సు రాక మునుపు, ఈ పిల్ల ఆ మంచులో నిలబడింది. మైనస్ పద్దెనిమిది డిగ్రీలలో! నేను తలుపు సందులో నుండి చూస్తుంటేనే నా పళ్లు కొట్టుకున్నాయి. బీట్‌రూట్లు తానే తురిమింది. వారం రోజులు చేతులు ఎర్రగా ఉంటే బడిలో పిల్లలు నవ్వారు. ఆ భాస్కరరావు ఇచ్చింది రెండు బస్తాల ఉప్పు. అంతే! ఆయనకు లెక్క చూపిస్తే నిద్రపోయాడు. తొమ్మిదవ రోజున థర్మామీటరు తప్పు చూపుతున్నదని ఈమే కనిపెట్టింది. కనిపెట్టి, తొమ్మిది రోజుల లెక్కలూ కొట్టివేసి, మళ్లీ మొదటి నుండి ఆరంభించింది. పెద్దవాణ్ని, నేనేమన్నానో తెలుసా? 'ఎవరికి తెలుస్తుందే, అంచనాగా వేసేయి' అన్నాను. 'నాకు తెలుస్తుంది కదా తాతయ్యా' అంది. ముప్పయి నాలుగేళ్లలో కొన్ని వేలమందికి పాఠం చెప్పాను. నాకు పాఠం చెప్పింది ఇదొక్కతే!"

ఆయన కూర్చొని, జేబురుమాలుతో ముఖమంతా తుడుచుకున్నారు. రిషిత చేతులు ఎప్పుడు చెవుల మీద నుండి జారాయో ఎవరూ గమనించలేదు.

మిసెస్ కోవాల్‌స్కీ దస్త్రం మళ్లీ తెరిచి, ప్రాజెక్టు నోటుపుస్తకంలో అడ్డగీతలు కొట్టిన తొమ్మిది పేజీలను నిదానంగా తిరగేసింది. తరువాత, "ఇదంతా కాగితం మీద ఎందుకు వ్రాయలేదు?" అని అడిగింది.

"గొప్పవారు తమ గొప్ప చెప్పుకోరమ్మా. ఎంత గొప్పవారైతే అంత తగ్గించి చెప్పుకుంటారు. ఎదుటివారి మీద గౌరవం ఉంటే అలాగే చెప్పాలి."

ఆమె ఆ మాటలను పసుపుపచ్చ కాగితం మీద వ్రాసుకుంది.

కారులో కూర్చోగానే ఆయన, "ఇంటికి పోగానే దీనికి ఉప్పుతో దిష్టి తీయమ్మా," అన్నారు.

"ఉప్పంతా డ్రైవ్‌వే మీద పోసేసింది మామయ్యగారూ," అన్నది రాధారాణి.

మూడు వారాలకు దళసరి కవరు ఒకటి ఆయన పేరిట వచ్చింది. ఆయన దానిని కిటికీ దగ్గర నిలబడి పైకి చదవసాగారు. "గౌరవనీయులైన తాతగారికి. మాది అతి సామాన్యమైన కేంద్రము. మా అధ్యాపకులకు తెలిసినది స్వల్పము. మా ప్రయోగశాల చెప్పుకోదగినది కాదు. మా విద్యార్థులు ఇంతవరకు ఏదైనా సాధించి ఉంటే అందులో మా ప్రయోజకత్వము లేదు. మీ మనుమరాలు మావంటి వారి వద్ద ఒక సీటు స్వీకరించునేని ధన్యులము."

"ఐ గాట్ ఇన్!" అని రిషిత కేకపెట్టి తల్లిని వాటేసుకుంది. ఆంజనేయప్రసాద్ గారి ముఖం మాత్రం కందగడ్డ అయింది.

"చూశావా అమ్మా వీళ్ల నిర్వాకం! పంతుళ్లకు చదువు రాదట! ప్రయోగశాల పనికిరాదట! ఇంత చేతకాని బడికా మన బంగారుతల్లిని పంపడం?"

"మామయ్యగారూ, అది మర్యాదకి రాశారండీ. మీరే కదా చెప్పింది!"

"మర్యాదా? ముద్ర వేసి, సంతకం పెట్టి మరీ మర్యాదా? స్వహస్తంతో ఒప్పుకున్నారు కదమ్మా!"

సీటు స్వీకరిస్తున్నట్టు తెలిపే పత్రాన్ని రాధారాణి మరునాడు ఆఫీసు నుండే పంపించింది. కుటుంబ సభ్యుల అభిప్రాయమన్న గడిని మాత్రం ఖాళీగా వదిలివేసింది.