గేటు మీద గులాబీ చెయ్యి

ఆ రోజు పొద్దున సూర్యప్రభ వేసుకున్న పథకం చాలా చిన్నది. మురళీకృష్ణకి టిఫిను పెట్టి ఆఫీసుకి పంపడం, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి పోస్టరు రంగు సరిచూసుకోవడం, కరెంటు పోయేలోగా ఇంటికొచ్చి పిండి రుబ్బుకోవడం. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు గనుల్లో పని ఆగిపోయింది కాబట్టి కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. బస్సులు డిపోలు దాటడం లేదు కాబట్టి బయటికెళ్ళిన మనిషి ఎప్పటికి ఇల్లు చేరతాడో తెలియదు.

పోస్టరు పక్కవాటా పద్మలతది. సూర్యప్రభ వాళ్ళు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, పద్మలత తెలంగాణ పిల్ల, పుట్టిల్లు నాదర్‌గుల్. మన్సూరాబాద్‌లో వీళ్ళ వీధి మలుపులోనే ఉన్న మడిగెలో మెహందీ, బ్యూటీ పార్లర్ తెరుస్తోంది. బతుకమ్మ పండగకి నలుగురు ఆడవాళ్ళు రాకపోతే ఆ మడిగెలో మరిది సెల్‌ఫోన్ల దుకాణం పెడతాడని అత్తగారు ముందే తేల్చి చెప్పింది. సూర్యప్రభకీ ఇది పరీక్షే. డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక ఇన్నేళ్ళకి కంప్యూటర్లో బొమ్మలు వేయడం నేర్చుకుని, ఒకరి కోసం చేస్తున్న మొదటి పని.

గోరింటాకు పెట్టిన అరచెయ్యి గీసి, నిగనిగలాడే గులాబీ రంగు నింపింది. తెర మీద ఆ చెయ్యి లోపల దీపం పెట్టినట్టు వెలిగింది. పద్మలత చూపు తిప్పుకోలేకపోయింది. అచ్చు అదే రంగు కావాలని, ఇసుమంత తగ్గినా వద్దని మాట తీసుకుంది. తీరా మొదటి నమూనా అచ్చయి వచ్చాక దాన్ని వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, గిది పెండ్లిపిల్ల చెయ్యి లెక్క లేదు. పీనుగ చెయ్యి లెక్కున్నది."

నిజమే. నీళ్ళలో నానిన ఉల్లిపొట్టు రంగు. తెర మీది రంగు వెలుతురుతో పుడుతుంది, కాగితం మీది రంగు సిరాతో పుడుతుంది, మామూలు నాలుగు సిరాలు ఎంత కలిపినా ఆ వెలుగు రాదని సూర్యప్రభకి క్లాసులో చెప్పారు. కానీ మాటిచ్చాక పాఠం చెబితే ఎవరు వింటారు?

దిల్‌సుఖ్‌నగర్‌లో స్క్రీన్ ప్రింటింగ్ చేసే ధర్మేందర్ దగ్గర ఊరేగింపుల స్టిక్కర్ల కోసం కొత్తగా తెచ్చి ఇంకా మూత తియ్యని, మసక వెలుతురులోనూ మెరిసే గులాబీ ఇంకు డబ్బా ఉంది. రంగు పోల్చడానికి అతని కంప్యూటర్ తెరని సూర్యప్రభ నమ్మలేదు, అది కాస్త నీలం కొడుతుంది. అందుకని తన మానిటర్నే దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో వెళ్ళింది. పక్కన కూర్చున్నావిడ దారంతా గొంతు తగ్గించి మాట్లాడింది.

అతని దుకాణంలో, మిట్టమధ్యాహ్నపు వెలుతురులో, మానిటర్ తగిలించి పక్కన కాగితం పెట్టి చూస్తే ఇంకా ఒక వాసి తక్కువుంది. ఇంకో పూత వేయించింది. కింద పార్లర్ పేరు, ప్రారంభం తేదీ సన్నటి ముదురు నీలం అక్షరాల్లో ఉంచింది. లావు అక్షరాలు ఆమెకి మొరటుగా తోస్తాయి. ఈసారి తెరకీ కాగితానికీ తేడా లేదు. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అంటించమని సైదులనే అతనికి అప్పగించి, అన్నిటికన్నా పెద్దది పార్లర్ షట్టర్‌కి అంటించమని చెప్పి, తృప్తిగా ఇల్లు చేరింది.

ఆ మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. ఆరేసిన బట్టలు తేవడానికి సూర్యప్రభ మేడ ఎక్కింది. ఆకాశంలో ఇంకా నీలం మిగిలి, నేల మీదికి చీకటి దిగే వేళ. వీధిలో ఒక్క మోత లేదు. కుక్కలు కూడా ఎక్కడికో పోయాయి. కిందికి తొంగిచూసి, తీసిన చీర చేతిలోంచి జారవిడిచింది.

గోడలు లేవు, గేట్లు లేవు, అన్నీ చీకట్లో కలిసిపోయాయి. చేతులు మాత్రమే ఉన్నాయి. వీధికి రెండు వైపులా, మనిషి గుండె ఎత్తున, నిప్పుల్లో కాల్చి తీసినట్టున్న అరచేతులు. తలుపు అవతల ఎవరో నిలబడి ఇటు నెడుతున్నట్టున్నాయి. కింద అక్షరాలున్న జాడే లేదు. ఒక కాగితం అంచు ఊడి గాలికి కదిలితే, ఆ చెయ్యి మెల్లగా ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది, రమ్మన్నట్టు. ప్రతి వేలూ తను గీసిందే. అయినా ఆమె పిట్టగోడ నుంచి ఒకడుగు వెనక్కి వేసింది.

ఇంతలో మురళీకృష్ణ మెట్లెక్కి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళందరూ విశ్వేశ్వరరావుగారి వరండాలో చేరారట. తమ వాళ్ళ గేట్లకే గుర్తులు పెట్టారని, తెలంగాణ వాళ్ళ గేటుకి ఒక్కటీ లేదని, కార్లో పెట్రోలుంటే తెల్లారేలోగా విజయవాడ చేరాలని అనుకుంటున్నారట. అతను ఆగి, భార్య మొహం వెతికాడు.

"మన గేటుకి మాత్రం లేదు ప్రభా. ఎందుకు లేదని నన్నడుగుతున్నారు. నువ్వెవరితోనైనా ఏమైనా మాట్లాడావా?"

ఇద్దరూ కిందికి దిగారు. రిటైరైన రావుగారు ఆ చేతిలోని కుట్రని విప్పి చెబుతున్నారు. చెయ్యి ఒక పార్టీది, రంగు ఇంకో పార్టీది, రెండూ కలిశాయంటే వ్యవహారం ఢిల్లీ దాకా వెళ్ళిందన్నమాటే. వీధికి అవతలి వైపు పాతకాపులైన తెలంగాణ వాళ్ళు గుంపుగా నిలబడ్డారు. వాళ్ళ భయం వేరు. ఆంధ్రా వాళ్ళు తమ ఇళ్ళకేదో కట్టు కట్టించుకున్నారని, బయట తిరిగే పీడ ఇక చెయ్యి లేని ఇళ్ళ మీదికే వస్తుందని వాళ్ళలో పెద్దదైన అండాలమ్మ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా తన గేటు ముందు బూడిద గీత గీసి, వేపకొమ్మ పట్టుకుని నిలబడింది. రెండు గుంపుల మధ్యా వీధి ఖాళీగా ఉంది. చేతులు మాత్రం అటూ ఇటూ చూస్తున్నట్టున్నాయి.

వీధి మలుపులో, షట్టర్ మీద, అన్నిటికన్నా పెద్ద చెయ్యి వెలుగుతోంది. దాని కింద పద్మలత ఒక్కతే నిలబడి ఉంది. ఎవరూ ఆమె దగ్గరికి వెళ్ళడం లేదు. ఇప్పుడు నోరు మెదపకపోతే ఆ షట్టర్ ముందుకి ఏ ఆడకూతురూ రాదని సూర్యప్రభకి అర్థమైంది. వీధి మధ్యకి నడిచింది.

"ఆ చేతులు వేసింది నేనే."

ఎవరో పిల్లాణ్ణి వెనక్కి లాక్కున్నారు. రావుగారు ఒక మెట్టు పైకెక్కి, చాలా మెల్లగా అడిగారు.

"ఎందుకమ్మా?"

"రంగు కుదరాలని, బాబాయిగారూ."

ఆ జవాబుతో వాళ్ళకున్న కాస్త ధైర్యమూ పోయింది. ఇక మాటలతో పని కాదని సూర్యప్రభ మొగుడి చేతిలోని ఫోను లాక్కుని, టార్చి వెలిగించి, దగ్గరి గేటు మీది గులాబీ చేతి మీద తన చెయ్యి వేసింది. రెండు వైపులా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. తెల్లటి వెలుగు పడగానే నిప్పు చెయ్యి కాస్తా కాగితం చెయ్యి అయిపోయి, కింద నీలం అక్షరాలు బయటపడ్డాయి. రావుగారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు. పద్మలత మెహందీ అండ్ బ్యూటీ పార్లర్, ఆదివారం ప్రారంభం, అందరికీ ఇదే ఆహ్వానం.

వరండాలో నవ్వులు లేచాయి. కారు తాళాలు జేబుల్లోకి వెళ్ళాయి. అవతలి వైపు మాత్రం ఎవరూ నవ్వలేదు. అండాలమ్మ వేపకొమ్మ కింద పడేసి, మలుపు దాకా నడిచి, పద్మలత ఎదురుగా నిలబడింది.

"అందరికి అంటే ఎవ్వరికే? మా గేట్లకు ఒక్కటన్న లేదు. ఆంధ్రోల్ల చేతులకే పెడ్తవా గోరింట? మావి చేతులు గావా?"

అయినవాళ్ళతోనే ఆ మాట పడేసరికి పద్మలత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దయ్యమనుకున్నా ఒకటి రెండు రోజుల్లో మర్చిపోతారు. పిలవలేదనుకుంటే మాత్రం తరాల పాటు గుర్తుంటుంది.

సైదులుకి ఫోను చేస్తే విషయం తేలింది. రోడ్డు మీద రాస్తారోకో జరుగుతుంటే ముందుకి పోలేక, పొద్దుగూకే వేళ పోస్టర్లన్నీ ఈ వీధిలోనే అంటించేశాడు. తెలంగాణ వాళ్ళ గేట్లకి ఉద్యమం స్టిక్కర్లున్నాయి కాబట్టి వాటిని వదిలేశాడు.

"జై తెలంగాణ మీద బ్యూటీ పార్లర్ ఎట్ల అంటిస్త మేడం? పాపం తగుల్తది. మీ గేటుకంటరా, గీసింది మీరేనాయె, మీకెర్కలేదా?"

మర్నాడు పొద్దున్నే సూర్యప్రభ, పద్మలత కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరారు. వీధిలో ఉన్న ప్రతి తెలంగాణ ఇంటికీ వెళ్ళి, పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలిచారు. అండాలమ్మ ముందు మొహం తిప్పుకుని, తర్వాత నుదురు ముందుకి చాపి, ఆఖరికి రెండు చేతులకీ నిండా పెట్టాలని షరతు పెట్టింది. పని గట్టెక్కిందనుకుని మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి గుమ్మంలో రావుగారి భార్య కూర్చుని ఉంది. ఆమెతో పాటు ఇంకో నలుగురు కోస్తా ఆడవాళ్ళున్నారు.

"వాళ్ళనేమో ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారా, సూర్యప్రభా? మాకు గేటుకి కాగితం అంటించి పోతారా?"

కుంకుమ భరిణె మళ్ళీ బయటికొచ్చింది. సాయంత్రం దాకా మిగిలిన ఇళ్ళన్నీ తిరిగారు.

ఆదివారం వచ్చినవాళ్ళకి మడిగె చాలలేదు. బయట బల్లల మీద అండాలమ్మ, రావుగారి భార్య పక్కపక్కనే చేతులు చాపుకుని, గోరింటాకు ఆరేదాకా ఎవరి నీళ్ళు వాళ్ళు తాగలేక కూర్చున్నారు. మరిది తన సెల్‌ఫోన్ల అద్దాల బీరువాని అటకెక్కించాడు. రంగు అచ్చం తెర మీద ఉన్నట్టే కుదిరిందని పద్మలత వచ్చిన ప్రతివారికీ షట్టర్ మీది చెయ్యి చూపించి మరీ చెప్పింది.

పోస్టరు చూసి వచ్చినవాళ్ళు మాత్రం ఆ రోజు ఒక్కరూ లేరు.