మూతికి వెండిపూత

నూకరత్నం మూతికి వెండిపూత వేయించాలని ఎంగిలి నిర్ధారణ శాఖ సోమవారం ఉత్తర్వు ఇచ్చింది. గురువారంలోగా పని పూర్తికావాలంది. విశాఖపట్నంలో ఇలాంటి ఉత్తర్వులు కొత్తేమీ కాదు. కిందటేడు ఒక వంటమనిషి నాలుకకీ, అంతకుముందు ఒక కారు డ్రైవరు పెదవులకీ పూత పడింది. వాళ్లు ఇప్పటికీ పనుల్లోకి వెళ్తూనే ఉన్నారు. అయినా సరే, ఉత్తర్వు వినగానే నూకరత్నం అంట్లతొట్టి పక్కనే కూలబడింది. ఆ మూతితో ఆమెకు ఇంకా పనుంది మరి.

ఆమె అంట్లు తోమేది భుజంగరావు గారింట్లో. పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయనకు విక్టోరియా రాణి కాలంనాటి వెండిపూత భోజన సామగ్రి సేకరించే పిచ్చి. చేపలు కోసుకునే చాకులు, చక్కెర పట్టకార్లు, రొట్టెముక్కలు నిలబెట్టే స్టాండ్లు, సూపు గరిటెలు. లోపలంతా రాగో నికెలో, పైన పల్చగా వెండి. ఎక్కడ పాత బంగళా కూలుస్తున్నా అక్కడ వాలిపోయి ఏరుకొచ్చేవారు. నిజానికి ఆ వస్తువులకు విలువ వెండి వల్ల రాదు, వాటిమీది దొరల ఎంగిలి వల్ల వస్తుంది. ఎంత తోమినా పోనిది ఎంగిలి ఒక్కటే. కలెక్టరు దొర నోట్లో పెట్టుకున్న చెంచా అద్దాల బీరువాలో ముందు వరసలో ఉంటుంది, గుమాస్తా దొర చెంచా వెనక వరసలో. ఎవరూ తినని చెంచాను ఈ రంగంలో ఎవరూ కన్నెత్తి చూడరు.

ఇంటికొచ్చిన మేనల్లుడు సీసాకు మూతి ఆనించి నీళ్లు తాగితే ఆ సీసాను చీపురుతో వీధిలోకి నెట్టే మనిషి ఈయన. అదే మనిషి ఎప్పుడో ఎవడో తెల్లవాడు నాకిన గరిటెను పట్టుగుడ్డలో చుట్టి దాచుకుంటాడు. చూసినవాడికి ఒళ్లు మండాలి. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ఫొటోలు దిగి వెళ్లేవారు.

ఏడాదికోసారి శాఖ తనిఖీ ఉంటుంది. ఇన్‌స్పెక్టరు త్రివిక్రమ్ ప్రతి వస్తువునూ నాలుకతో తాకి, అది ఎవరి ఎంగిలో చెప్పేస్తాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇన్‌స్పెక్టరు నాలుక ప్రభుత్వ ఆస్తి కాబట్టి దానికి ఎంగిలి లేదని చట్టంలోనే రాశారు. ఈసారి చాకులూ పట్టకార్లూ సవ్యంగానే ఉన్నాయన్నాడు. సూపు గరిటె దగ్గర ఆగాడు. ఇంకోసారి నాకాడు.

"దొర ఎంగిలి మీద ఇంకొకటి ఉందండీ. ఆడమనిషిది. గంజీ ఎండుచేపా తినే నోరు."

భుజంగరావు గారు గుండె పట్టుకుని సోఫాలో కూర్చున్నారు. ఆ ఇంట్లో గంజి తాగే నోరు ఒక్కటే ఉంది, కాబట్టి విచారణకు ఎక్కువసేపు పట్టలేదు. జరిగింది ఇదీ. శ్రావణ శుక్రవారం నాడు చుట్టాలకు చూపించడానికి బీరువాలో సామానంతా బయటికి తీశారు. భుజంగరావు గారి భార్య సుభాషిణమ్మ పరమాన్నం వండింది. ఆవిడకు ఉపవాసం, ఆయనకు చక్కెరజబ్బు. తీపి సరిపోయిందో లేదో చూడవే అని చేతికందిన గరిటెతో తీసి నూకరత్నానికి ఇచ్చింది. నూకరత్నం మర్యాద తెలిసిన మనిషి. గరిటె మీద కొంగు కప్పి, గుడ్డ మీంచే చప్పరించింది.

"కాకెంగిలే కదండి బాబూ!" అంది నూకరత్నం. "కొంగు అడ్డెట్టుకునే సూసినాను. కాకెంగిలి ఎంగిలెలగవుద్దండీ?"

బళ్లో జామకాయ పంచుకున్న ప్రతివాడికీ తెలుసు, గుడ్డ అడ్డం పెట్టి కొరికింది ఎంగిలి కాదు. త్రివిక్రమ్‌కీ తెలుసు. కానీ అతను డ్యూటీలో ఉన్నాడు.

"విక్టోరియా కాలంలో కాకెంగిలి లేదమ్మా. ఆ కాలం వస్తువుకి ఆ కాలం రూల్సే."

"మరి ఆ దొర నాకినాడు కదండీ? అది ఎంగిలి కాదేటి?"

"దొరది ఎంగిలి కాదు, చరిత్ర" అన్నాడు త్రివిక్రమ్.

చూడమన్నది నేనేనండీ అని సుభాషిణమ్మ ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ అక్కడే కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటోంది. ఒక్క వత్తి కూడా వంకరపోలేదు.

గరిటెకంటిన ఎంగిలిని తీయడం ఎవరి తరమూ కాదు గనక, శాఖ ఎంగిలి పుట్టేచోటికే మందు వేస్తుంది. వెండికి ఎంగిలి లేదు, ఇది అందరూ ఒప్పుకున్నదే. మూతికి వెండిపూత వేస్తే ఆ మూతికీ ఎంగిలి ఉండదు. పూత వెనకటి తేదీ నుంచి అమలవుతుంది కాబట్టి శ్రావణ శుక్రవారం నాటి ఎంగిలి కూడా రద్దవుతుంది. మరి వెండికి ఎంగిలి లేకపోతే దొర ఎంగిలి దానిమీద ఇన్నాళ్లూ ఎలా నిలిచింది? అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లకు పూత కొంచెం మందంగా వేస్తారు.

నూకరత్నం మొగుడు కూర్మయ్య రేవులో వలలు బాగుచేస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకే కంచం. చేపలో ముళ్లు తీసి ముద్ద కలిపి ఆమె నోట్లో పెట్టడం అతనికి అలవాటు. పూత పడితే ఉప్పూ పులుపూ తెలియవని శాఖవాళ్లే చెప్పారు. బుధవారం మధ్యాహ్నం కూర్మయ్య చేపల పులుసు వండాడు.

"ఒగ్గీయే ఆ పని. ఇంకో ఇల్లు సూసుకుందాం."

"ఉత్తర్వు ఇంటిమీద నేదయ్యా, నా మూతిమీదుంది. ఏ ఇంటికెల్లినా అది నాతోనే వత్తాది."

కూర్మయ్య ముళ్లు తీసి ఇంకో ముద్ద కలిపాడు. నూకరత్నమే మళ్లీ అంది. "పూత పడితే మరి నాకు ఎంగిలుండదంటయ్యా. ఆళ్లింట్లో నానూ ఓ మనిసిలాగే ఉండొచ్చు." ఆ ఆశ ఒక్కటే ఆమెను నడిపించింది. కూర్మయ్య చేపగుడ్లన్నీ ఏరి ఆమెకే పెట్టాడు. ఆమె చాలాసేపు నములుతూ కూర్చుంది.

గురువారం నాడు శాఖ ఆవరణలో చెంచాలకు పూత వేసే తొట్టిలోనే ఆమె మూతిని ముంచి, చెంపలకు తీగలు తగిలించి, కరెంటు వదిలారు. త్రివిక్రమ్ ఆమె పెదవి మీద చెంచాతో కొట్టి చూసి, మోత బాగుందన్నాడు. గరిటె నిర్దోషి అని తేలింది. భుజంగరావు గారు దాన్ని ముందు వరసలో పెట్టుకుని, నూకరత్నాన్ని కిటికీ వెలుతురులోకి పిలిచి, మూతిని భూతద్దంతో పరీక్షించారు.

"పనితనం ఫస్ట్ క్లాసు. చింతపండు మాత్రం తగలనివ్వకు, పూత లేచిపోతుంది."

అంటే ఈ జన్మకు పులుసు లేదు. ఆ మాట ఆయన ఎంతో ప్రేమగా చెప్పారు.

మర్నాడు పొద్దున సుభాషిణమ్మ పెరట్లోకి టీ తెచ్చింది. కుళాయి గట్టు మీద పనివాళ్ల కోసం విడిగా ఉంచే స్టీలు గ్లాసులో, అంచు తగలకుండా పైనుంచి పోస్తోంది.

"అమ్మగారూ, నాకిప్పుడు ఎంగిలి నేదు కదండీ" అంది నూకరత్నం. మాట కంచు మోగినట్టు గణగణమంది. "మరి ఈ గలాసు ఏటికండీ?"

"ఎంగిలి గురించి కాదే అది."

"మరేటండీ?"

సుభాషిణమ్మ నిజంగానే ఆలోచించింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఏమోనే. నీ గ్లాసు అది" అని, మిగతా టీ కూడా పైనుంచే పోసింది.

నూకరత్నం తాగింది. వేడి తెలిసింది, రుచి తెలియలేదు. గ్లాసు తనే కడిగి, గట్టు మీద దాని చోట బోర్లించి, లోపలికి వెళ్లి అంట్లు ముందేసుకుంది.