రెండు కౌంటు బడి

సముద్రఘోషపరివృతంబును, మరబోట్ల డుబడుబధ్వనులచే దద్దరిల్లునదియు, మంచు ఫ్యాక్టరీల తెల్లపొడిచే హిమవంతుని వెక్కిరించునదియు నగు విశాఖ ఫిషింగ్ హార్బరునందు, వేలంపాటలు ముగిసి కాకులు మాత్రమే బేరములాడు ఒకానొక శనివారపు పగటివేళ, అచ్చటి చిన్నబడి ప్రధానోపాధ్యాయుడును, సుద్దముక్కాయుధుడును, దగ్గుజర్జరితవక్షుడును అగు దేవీప్రసాద్ మాస్టారు, తన జన్మమునందెల్ల ఘోరమగు సంగ్రామమునకు చొక్కా గుండీలు బిగించుకొనెను.

బడులకు రేటింగు వేయు అధికారులు ఆయన బడికి ఐదింట రెండు వేసిరి. దానిని బోర్డుపై వ్రాసి, తల్లిదండ్రులను పిలిచి చెప్పవలెనట. వీధి చివరి కాన్వెంటుకు నాలుగు వచ్చినది. వినినవారు పిల్లలతో అటు నడచినచో బడి మూతపడును.

అంతలో రొయ్యలతట్టాధారిణియు, వేలమున గొంతెత్తినచో బోట్లను సైతము వెనుకకు జరుపు ప్రచండకంఠయు నగు కాశమ్మ, మనుమరాలు నిఖిత చేయి పట్టుకొని, తట్టలతో తక్కిన తల్లిదండ్రులు వెంటరాగా, బడిలో ప్రవేశించెను. ఆమె ఎటు నడచిన హార్బరు ఆడవారందరును అటే నడతురు. బోర్డుపై అంకె చూచి ఆమె ముఖము వికసించెను.

"ఏటి మేష్టారూ, మనకి రెండా? ఆ కాన్వెంటోలకి నాలుగంట గదా."

బోటు సరంగు ఎల్లారావు తొడ గొట్టెను. "రెండు కౌంటంటే ఏటనుకున్నావప్పా, అంత రొయ్య నా జన్మలో వల్లో పడనేదు."

కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో అదియే కౌంటు; ఇరవై తూగు రొయ్య మహారాజు, అరవై తూగునది బంటు. అంకె తగ్గుకొలది ఘనత పెరుగుట హార్బరు శాస్త్రము. సభ యెల్ల చప్పట్లతో మార్మ్రోగెను.

అప్పుడు మాస్టారి హృదయరణాంగణమున మౌనమను మహారథుడు దూకి, "ఊరకుండుము, నీవేమియు అబద్ధమాడలేదు గదా" అని బోధించెను. తన బడి గెలిచినదని మురియుచు నిఖిత ఆయన వంకనే చూచుచుండెను. ఆ చూపు శూలమై గ్రుచ్చుకొనగా, మేఘగంభీరస్వరమున నిట్లు పలికెను:

"ఓ జలధిజయశీలులారా, మత్స్యవిక్రయధురంధరలారా, సంఖ్యామాయాజాలమున భ్రమించితిరి. నాణ్యతాసోపానమున మనము అధస్తలమునందు..."

"తెలుగులో సెప్పండి మేష్టారూ," అని కాశమ్మ అడ్డుకొనెను.

"రెండంటే తక్కువమ్మా. ఇక్కడ అంకె పెరిగితేనే గొప్ప. పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు."

చప్పట్లు గాలిలోనే ప్రాణములు విడిచెను. కాశమ్మ తట్ట నెత్తికెత్తెను. ఆమె వెనుక తట్టలన్నియు లేచెను. గుమ్మముకడ ఆమె వెనుదిరిగెను.

"సప్పట్లు కొడతన్నప్పుడు ఊరుకోపోయారా. ఎవుడికి తెలుత్తాది?"

"నిఖితకి తెలుస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు."

కాశమ్మ ఆయనను, వేలమున చేపను చూచినట్లు చూచెను.

"మొప్పెత్తి, ఇది నిన్నటి సేపని తానే సెప్పినోణ్ణి నానింతవరకూ సూణ్ణేదు. లెక్కలెప్పటికి బాగవుతాయి?"

"వేసవి సెలవుల్లోపు."

"సూత్తాను. అవ్వకపోతే మిమ్మల్నే ఆ కాన్వెంటులో సేర్పిత్తాను."

"ఇంతకీ మన రొయ్య సిన్నదేనా అప్పా?" అని ఎల్లారావు గొణిగెను.

"పెరుగుద్ది. కూకో."

ఇట్లని కాశమ్మ తట్ట దింపి, మూడవ తరగతి బెంచీపై, మోకాళ్ళు గడ్డమునంట కూర్చుండెను. వెనుక తట్టలన్నియు దిగెను. బెంచి కిర్రుమనెను గాని విరుగలేదు. అష్టదిక్కులారా వినుడు, ఓ సముద్రుడా సాక్షివి కమ్ము: ఆ మహాసంగ్రామమున దేవీప్రసాద్ మాస్టారు ఒక బెంచీని నిలబెట్టుకొనెను.