పరదా రిక్షా

సూర్యప్రభ చేసుకున్న ఏర్పాటులో లోపమేమీ లేదు. మొఘల్‌పురా ఆడపిల్లల బడిలో ఆమె మూడో తరగతి పంతులమ్మ. రోజూ ఇంటర్వెల్‌కు అత్తగారు రమాబాయి చంటిపిల్లను పరదా కట్టిన రిక్షాలో గేటు దాకా తెస్తుంది. సూర్యప్రభ పరదా లోపలికెక్కి పాలిచ్చి దిగుతుంది. రిక్షా బాలకిషన్ మర్యాదస్తుడు, పరదా వైపు చచ్చినా తిరిగి చూడడు. లోపలి నుంచి చెక్క మీద తడితే చాలు, ఇంటికి తొక్కుతాడు.

కానీ ఆ రోజు ఇన్‌స్పెక్టర్ సుబ్రహ్మణ్యం వచ్చాడు. ఆయన సరేనంటేనే సూర్యప్రభ టెంపరరీ ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే ఊడుతుంది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. ఇన్‌స్పెక్టర్‌కు భయపడి హెడ్‌మిస్ట్రెస్ ఇంటర్వెల్‌నే రద్దు చేసింది. ఆ సంగతి చంటిపిల్ల ఆకలికేం తెలుసు? గేటు దగ్గర గుక్కపట్టి ఏడుస్తోంది.

పిల్లను రిక్షాలోనే పడుకోబెట్టి రమాబాయి నేరుగా క్లాసులోకి వచ్చేసింది.

"నువ్వు పోయి పాలియ్యి. వీళ్లను నేను చూస్త."

"ఆయన పక్క క్లాసులనే ఉన్నడు అత్తమ్మా!"

"ఉండనీ. పొల్ల గొంతు ఎండుతున్నది. గందుకే ఈ నౌకరి మానెయ్యమని రోజు మొత్తుకుంట!"

సూర్యప్రభ పరుగున పోయి రిక్షా ఎక్కింది. కడుపు నిండిన పిల్ల హుషారుగా కాళ్లాడించి చెక్కను తన్నింది. బాలకిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

"ఆగు! జర ఆగు!" అని లోపలి నుంచి కేక.

బాలకిషన్ ఆగలేదు. లోపలున్నది రమాబాయే అనుకున్నాడు. రమాబాయి రోజూ దారి పొడుగునా ఆగమని అరుస్తూనే ఉంటుంది. ఆమె మాట విని ఆగితే ఇల్లు చేరేది లేదు. "ఫికర్ చెయ్యకుండ్రమ్మా, మెల్లగనే పోతున్న," అంటూ పురానాపూల్ దారి పట్టాడు. "నా నౌకరి పోయింది బిడ్డా," అని పిల్లతో చెప్పుకుని సూర్యప్రభ ఏడ్చేసింది.

ఇల్లు వచ్చాక పరదాలోంచి తల బయటపెట్టింది. బాలకిషన్ సీటు మీంచి కిందికి దూకాడు. "అయ్యో, నువ్వా! పెద్దమ్మ ఏది?"

"బడిల! తిప్పు రిక్షా!"

అక్కడ క్లాసులో ఇన్‌స్పెక్టర్ రమాబాయి ముందు నిలబడి ఉన్నాడు. "మీరేనా టీచర్?"

"కాదు నాయనా, దాని అత్తను. ఇయ్యాల ఇంటర్వెల్ ఇయ్యలేదని అది ఇప్పుడే పొల్లకు పాలియ్య పోయింది."

"డ్యూటీ టైముల పోతే ఎట్లమ్మా? ఇట్లయితే నౌకరి ఉండది."

రమాబాయికి ఎక్కడలేని కోపం వచ్చింది. "మానెయ్యమని అననీకె నేనున్న. అత్తను. నువ్వెవరు? నువ్వు గూడ చదువు చెప్పేటోనివే కదా? అది వచ్చేదాంక చెప్పు. అరిగిపోతవా?"

పిల్లలందరూ నవ్వుతుంటే ఇన్‌స్పెక్టర్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. సుద్దముక్క అందుకున్నాడు. బోర్డు వైపు తిరగ్గానే ఒకతె జడ ఇంకొకతె లాగింది. దాని ఏడుపు ఆపేలోగా సగం క్లాసు నీళ్లకని లేచింది. ఆయన అరిచిన కొద్దీ పిల్లలకు మస్తు మజా వచ్చింది. రమాబాయి బల్ల మీద కూర్చుని ఆయన పాఠం శ్రద్ధగా చూసింది.

సూర్యప్రభ పిల్లను చంకనేసుకుని రొప్పుతూ వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ గొంతు బొంగురుపోయి ఉంది. ఆమె భయం కూడా మరిచిపోయి అలవాటుగా అంది: "ఏంది ఆ లొల్లి?"

క్లాసంతా గప్‌చుప్‌గా కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ చెమట తుడుచుకున్నాడు. "రోజూ వీళ్లతోటి మీరొక్కరే పడుతున్నరా?"

"ఔ సార్. తప్పయింది సార్."

"తప్పు మీది కాదు. ఇంటర్వెల్ ఆపిన వాళ్లది. మీ నౌకరి ఖాయం చెయ్యమని రాస్త."

సూర్యప్రభ కళ్లు నిండాయి. కోడలి చేతిలోంచి పిల్లను అందుకుని, ఆమె చెంపలు కొంగుతో తుడిచి, రమాబాయి చిన్నగా అంది:

"నీది ఖాయమైంది గని, పాపం ఆయనది ఇంకా టెంపరరే అనుకుంట."