ఎర్ర స్టూలు ప్రారంభోత్సవం

మన వీధిలోని బట్టల కొట్టులో ఆడ ఉద్యోగులకు కూర్చునే హక్కు లభించిందని సహృదయులైన పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. హక్కు ప్లాస్టిక్‌ది. ఎర్రగా, చూడముచ్చటగా ఉంది.

కొట్టు తాళం తీసింది మొదలు మళ్ళీ వేసేదాకా అక్కడి ఆడవాళ్ళు నిలబడే ఉండి దుప్పట్లు విప్పుతారు, మడుస్తారు. నియామక పత్రం, జీతంతో సెలవు వంటి చాదస్తాలు అక్కడ లేవు. అందరూ తన అక్కచెల్లెళ్ళేనని యజమాని అంటాడు. సొంత చెల్లెలికి ఎవరైనా నియామక పత్రం రాసిస్తారా? ఈ మధ్య ఎవరో అధికారి వచ్చి, పనివాళ్ళు కూర్చునే ఏర్పాటు లేకపోతే కొట్టు మూయిస్తానన్నాడు. ఆ మర్నాడే యజమానిలో స్త్రీజనోద్ధరణ పొంగుకొచ్చింది, స్టూలు దిగింది.

రిబ్బను కట్టారు. యజమాని గొంతు సవరించుకున్నాడు. "స్త్రీ నిలబడితేనే సమాజం నిలబడుతుంది. అలాంటి స్త్రీని కూర్చోబెట్టే భాగ్యం నాకు దక్కింది!" ఆడవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎలాగూ నిలబడే ఉన్నారు కాబట్టి లేచే శ్రమ తప్పింది.

అందరికన్నా సంబరపడింది దుప్పట్ల దగ్గర పనిచేసే అమ్మాయి. ఆమెకు ఏడో నెల. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. బీపీ ఎక్కువగా ఉంది, మధ్యమధ్య కూర్చోకపోతే తల్లికీ బిడ్డకీ ముప్పేనని డాక్టరమ్మ కేకలేసింది. పని మానేద్దామంటే ఇల్లు గడవదు.

అయితే హక్కును ఎలాపడితే అలా వాడేస్తే దానికి విలువేముంటుంది? అధికారి మళ్ళీ వచ్చేదాకా కొత్తగా ఉండాలని, పైనున్న కవరు తీయొద్దన్నారు. ఎవరూ దుర్వినియోగం చేయకుండా యజమాని బావమరిదిని కాపలా పెట్టారు. అతను కూడా నిలబడి కాపలా కాయలేడు కదా, దానిమీదే కూర్చున్నాడు. సాయంత్రానికి నడుం పట్టేసింది పాపం. రోజంతా కూర్చోవడం ఎంత నరకమో ఈ ఆడవాళ్ళకేం తెలుసని వాపోయాడు.

నిన్న అతను టీకి వెళ్ళాడు. అమ్మాయి అటూ ఇటూ చూసి కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే దుప్పటి కొనడానికి మనం వెళ్ళాం. మనమేనండీ, వెనక్కి తిరిగి చూడకండి.

"ఏమ్మా, మనుషులొస్తే లేవాలని తెలీదా?" అన్నాం.

"కాళ్ళు లాగుతున్నాయండీ," అంటూనే లేచింది.

ఎండనపడి వచ్చాం, మనకు మాత్రం కాళ్ళు లాగవా? ఖాళీ అయిన స్టూలు మీద చతికిలబడ్డాం. ఆమె నిచ్చెనెక్కి దుప్పట్లు దింపింది, ఒక్కొక్కటీ విప్పి పరిచింది. అప్పుడు కనబడ్డాయి మనకు ఆ వాచిన పాదాలు. కడుపు తరుక్కుపోయింది. మనం రాళ్ళం కాము కదా.

"ఇలాంటప్పుడు ఎక్కువసేపు నిలబడకూడదమ్మా, జాగ్రత్త," అన్నాం ఎంతో ఆప్యాయంగా.

తర్వాత, పై అరలో ఉన్న నీలం దుప్పటి కూడా ఒకసారి దింపమన్నాం.