భీమక్క ముందా, మద్దయ్య ముందా

శుభవార్త ఫోనులో వచ్చేసరికి శ్వేత చేతిలో గరిటె ఉంది, బాణలిలో ఉగ్గాని ఉంది. పెళ్లై వచ్చిన ఈ కొద్ది నెలల్లో బొరుగులు ముద్ద కాకుండా పొడిపొడిగా రావడం ఇదే మొదటిసారి. ఆ సంతోషం ఇంకా భర్త మారుతితో పంచుకోకముందే, వార్డు సచివాలయంలో పనిచేసే వీరేష్ ఇంకో సంతోషం వినిపించాడు. వృద్ధాప్య పింఛన్లకు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారు.

"మీ అత్తకూ మామకూ ఇద్దరికీ అరవై దాటినాయి గానీ, ఇంటికి ఒకరికే ఇస్తారక్కా. ఎవరి పేరు రాయాల్నో తేల్చుకోని రాండి. రేపే ఆఖరు," అన్నాడు.

మామ మద్దయ్య ఆదోని పత్తి మార్కెట్టులో హమాలీగా బస్తాలు మోసి మోసి ఈమధ్యే మానేశాడు. అత్త భీమక్క జిన్నింగు మిల్లులో పత్తి ఏరి ఏరి ఆమె కూడా మానేసింది. అప్పటినుంచి తమలపాకులకైనా కొడుకును అడగాల్సి వస్తోందని ఇద్దరికీ లోపల ఒక చిన్న బాధ. అందుకే ఆ కబురుకు ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. వెంటనే ఒకరికొకరు మర్యాదలు మొదలుపెట్టారు.

"దానికే రాపిచ్చు మ్మా. మిల్లులో దుమ్ము తాగి దగ్గు తెచ్చుకునింది," అన్నాడు మద్దయ్య.

"ఆయప్పకే రాపిచ్చు. మోకాళ్లు రెండూ మార్కెట్టుకే ఇచ్చి వచ్చినాడు," అంది భీమక్క.

"మీరిట్ల మర్యాదలు సేసుకుంటా కూసుంటే గడువు దాటిపోతాది," అన్నాడు మారుతి, కంచం మళ్లీ ముందుకు జరుపుతూ. రెండోసారి ఉగ్గాని అడిగాడన్న ఆనందంలో శ్వేతకు ఎక్కడలేని హుషారు వచ్చింది. చదివింది బీకాం. ఇంట్లో ఆ చదువుకు ఇంతవరకూ పని పడలేదు.

"మామ పేరు మీద పెట్టడమే మంచిదత్తా. మామకు పింఛను వస్తూ ఉండగా ఏమన్నా జరిగితే, వెంటనే దాన్ని మీకు మార్చి ఇస్తారు. అదే మీ పేరు మీద పెట్టినామనుకోండి, మామ మళ్లా మొదట్నుంచి తిరగాల," అంది.

భీమక్క నోటిదాకా పోయిన మిరపకాయ బజ్జీ మళ్లీ కంచంలోకి దిగింది.

"ఏమన్నా జరిగితే అంటే?"

"అదేత్తా, మామ లేనప్పుడు."

"లేనప్పుడంటే? మార్కెట్టుకు పోయినప్పుడా?"

శ్వేత మారుతి వైపు చూసింది. మారుతి బజ్జీలోని మిరపకాయ వైపు చూశాడు.

శ్వేతకు తెలియనిది ఒకటుంది. పెళ్లైన ఏడాదినుంచీ భీమక్క ప్రతి శుక్రవారం మారెమ్మ గుడికి పోయి ఒకే ఒక్కటి కోరుకుంటుంది. మెడలో తాళి, నుదుట బొట్టు ఉండగానే, మద్దయ్య కంటే ముందు తను పోవాలి. ఆ రోజు కట్టించమని ఎర్రంచు పచ్చ చీర కూడా ట్రంకు పెట్టెలో అడుగున దాచి పెట్టుకుంది.

"ఇన్నేండ్లనుంచి అమ్మవారి కాడ టవాలేసి సీటు పట్టుకోనుండా," అంది భీమక్క లేస్తూ. "ఒక్క కంచం ఉగ్గాని తినే లోపల నా బొట్టు తుడిచేస్తివే తల్లీ."

ఎవరెంత చెప్పినా వినలేదు. ఆ పచ్చ చీరను సంచిలో పెట్టుకుని, ఎమ్మిగనూరులో ఉన్న కూతురు రాణి ఇంటికి బస్సెక్కింది. మారుతి మిల్లుకు వెళ్లాడు. ఇంట్లో శ్వేత, మద్దయ్య మిగిలారు.

మద్దయ్యకు పోయిన వారం సంగతి గుర్తొచ్చింది. మోకాళ్ల నొప్పులని శ్వేత ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయించింది. "అంతా బాగుంది మామా," అని చెప్పింది కూడా. ఇప్పుడు తలచుకుంటే ఆ మాట మరీ తొందరగా చెప్పినట్టు అనిపించింది ఆయనకు.

"నాకేమైంది మ్మా? దాసిపెట్టొద్దు, సెప్పు," అన్నాడు.

"ఏమీ కాలేదు మామా. మీరు గుండురాయి మాదిరి ఉండారు."

"అట్లనే అంటారులే," అని మద్దయ్య దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్కడ ఎమ్మిగనూరులో, రాణి తలుపు తీసేసరికి తల్లి గుమ్మంలో ఏడుస్తూ నిలబడి ఉంది. "మీ నాయన లేనప్పుడు నాకు దుడ్లు వస్తాయంట. మీ వదిన లెక్కేసి సెప్పింది," అని, అంతకు మించి చెప్పలేక వసారాలో కూలబడింది. రాణి లోపలికి పోయి కోడుమూరులో ఉన్న చిన్నాయన శ్రీనివాసులుకు ఫోను చేసింది. శ్రీనివాసులు మద్దయ్యకు తమ్ముడు. ఎవరూ చెప్పకముందే పనులు చేసిపెట్టే మనిషి. మధ్యాహ్నానికల్లా భార్యనూ, ఇద్దరు బావమరుదులనూ, రెండు బ్రెడ్డు ప్యాకెట్లనూ తీసుకుని ఆదోనిలో దిగాడు. వచ్చేవాళ్లు ఎండలో నిలబడతారని దారిలోనే కుర్చీలకూ షామియానాకూ చెప్పి వచ్చాడు.

"ఎట్లుందన్నా?" అన్నాడు మంచం మీద కూర్చుని, గొంతు తగ్గించి.

తమ్ముణ్ణి చూడగానే మద్దయ్యకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. "వచ్చినావా శీనా," అని చెయ్యి పట్టుకున్నాడు. "శ్వేతను ఎవురూ ఏమనొద్దు. మంచి పిల్ల. నాకు సెప్పలేక మీకు సెప్పింది."

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు మామా," అంది శ్వేత ఏడుపు గొంతుతో. ఆ ఏడుపు చూసి శ్రీనివాసులు భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మారుతి మిల్లునుంచి పరుగున వచ్చేసరికి ఇంటి ముందు షామియానా కడుతున్నారు.

ఎమ్మిగనూరులో భీమక్క కళ్లు తుడుచుకుని మజ్జిగ తాగాక, "మీ చిన్నాయన ఆదోనికి పోయినాడంటనే, ఏమిటికి?" అని అడిగింది.

"నాయనకు బాగాలేదంట కదమ్మా."

"ఎవరు సెప్పిరి?"

"నువ్వే కదా సెప్తివి," అంది రాణి.

తను చెప్పింది అది కాదని భీమక్కకు తెలుసు. అయినా అప్పటికప్పుడే తిరుగు బస్సెక్కి ఆదోనిలో దిగింది. వీధి మలుపులో షామియానా కనబడింది. దాని కింద వరసగా కుర్చీలు, కుర్చీల్లో చుట్టాలు. భీమక్క అక్కడే కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయింది. అమ్మవారి దగ్గర పట్టుకున్న సీటు ఎవరో లాగేసుకున్నట్టు అనిపించింది. ఇంతలో వంటింటి కిటికీలోంచి గొంతు వినబడింది.

"ఉప్పు యాడ పెట్టినారే?"

భీమక్క ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి నడిచింది. వంటింట్లో మద్దయ్య ఒక్కడే ఉన్నాడు. అందరూ బయట ఉన్నారని, దాహానికి తాళలేక, చెంబులో మజ్జిగ కలుపుకుంటున్నాడు. ఉప్పనుకుని వంటసోడా వేశాడు. చెంబులోంచి నురగ పొంగి ఆయన పంచె మీదికి దిగుతోంది.

"వచ్చినావా? మజ్జిగ ఉడుకుతాంది సూడు, పొయ్యి మీద పెట్టనేలేదు," అన్నాడు.

భీమక్క ఆ చెంబు లాక్కుని తూములో పారబోసింది. ఉప్పు డబ్బా కాపురానికి వచ్చిన రోజునుంచీ ఆ అరలో ఆ మూలే ఉంది. అది తీసి ఆయన ముందు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, నవ్వో ఏడుపో తెలియకుండా కాసేపు ఊగింది. తర్వాత శ్వేతను పిలిచింది.

"మీ మామ పేరే రాపిచ్చు. ఉప్పు యాడుందో తెలీని మనిషిని ఇడిసిపెట్టి నేను ముందు ఎట్ల పోతా? అమ్మవారికి నేను సెప్పుకుంటాలే. ఈయప్పను సాగనంపినంకనే నేను."

మద్దయ్య పంచె పిండుకుంటూ ఆలోచించాడు. "సరే గానీ, నేను తొందర పడను. ముందే సెప్తాండా."

"నిన్నెవరు తొందర పడమన్యారు? తాపీగా ఉండు. నూరేండ్లుండు. నేనూ ఆడిదాకా ఉంటా," అంటూ భీమక్క ఆయనకు ఇంకో చెంబులో మజ్జిగ కలిపి ఇచ్చింది. గుమ్మంలో నిలబడిన శ్వేత, ఎవరూ చూడకుండా మారుతి చిటికెన వేలు పట్టుకుంది. మారుతి అందరూ చూస్తుండగానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడే వీరేష్ తల వంచుకుని, చేతిలో పెద్ద బంతిపూల దండతో లోపలికి వచ్చాడు. సచివాలయానికి పోయే దారిలో షామియానా చూశాడట. తల ఎత్తేసరికి ఎదురుగా మద్దయ్య మజ్జిగ తాగుతున్నాడు. శ్వేత జరిగిందంతా చెప్పి, మామ పేరు మీదే పెడుతున్నామనీ, రేపు పొద్దున్నే అందరం వస్తామనీ చెప్పింది. వీరేష్ దండ ఎక్కడ పెట్టాలో తెలియక తన చేతికే చుట్టుకుని వెనక్కి తిరిగాడు.

"రేపు వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు తెండక్కా," అన్నాడు. "మద్దయ్యన్నను మాత్రం ఒరిజినలే తేవాల."